ఒక్క మెతుకు పట్టి చూస్తే సరిపోదు

ప్రశ్న: టైటానియం మిశ్రలోహపు పొడిని లేజర్‌తో పొరలు పొరలుగా కరిగించి ఒక బ్రాకెట్‌ను త్రీడీ ముద్రణలో తయారు చేస్తున్నాం. అదే ప్లేటు మీద, అవే సెట్టింగులతో ముద్రించిన నమూనా కడ్డీలు టెన్సైల్ పరీక్షలో, అంటే లాగి తెంచే పరీక్షలో, చక్కగా నెగ్గాయి. బ్రాకెట్ మాత్రం భారాన్ని మళ్లీ మళ్లీ వేసి తీసే ఫెటీగ్ పరీక్షలో అనుకున్నదానికన్నా చాలా ముందే విరిగింది. లోపం పొడిలోనా, యంత్రంలోనా?

జవాబు: ఆ రెండింటి కంటే ముందు కడ్డీని అనుమానించండి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఒకే గిన్నెలో, ఒకే వేడికి ఉడికిన అన్నం సంగతి అది. మీ దగ్గర ఆకారమూ లోహమూ ఒకే క్షణంలో పుడుతున్నాయి. ఆకారం మారితే లోహమూ మారుతుంది.

లెక్క వేసి చూడండి. పొర మందం 40 మైక్రాన్లు, లేజర్ గీతల మధ్య ఎడం 0.1 మిల్లీమీటరు అనుకుంటే, 100 ఘన సెంటీమీటర్ల భాగానికి లేజర్ గీసే గీత పొడవు 25 కిలోమీటర్లు. అంత పొడవైన వెల్డింగు మీ అరచేతిలో ఉందన్నమాట! మందపాటి కడ్డీలో వేడి కిందికి దిగి ప్లేటులోకి పోతుంది. పొడి మీదుగా ముందుకు చాచుకున్న అంచు దగ్గర దానికి ఆ దారి లేదు, ఎందుకంటే కరగని పొడి వేడిని సరిగా పోనివ్వదు. కడ్డీకి సరిపోయిన లేజర్ శక్తి అక్కడ ఎక్కువైపోతుంది. లోహం ఆవిరై, కరిగిన మడుగులో సన్నని బావిలాంటి గుంట పడుతుంది. దాని అడుగు మూసుకుపోయినప్పుడు గుండ్రని బుడగ లోపలే చిక్కుకుంటుంది. శక్తి చాలని చోట మిగిలే ఖాళీలు వేరు. అవి చదునుగా, అంచులు మొనదేలి ఉంటాయి. నా దృష్టిలో అసలు దొంగలు ఇవే.

చిన్నాచితకా బుడగలను టెన్సైల్ పరీక్ష చాలావరకు చూసీచూడనట్టు వదిలేస్తుంది. ఫెటీగ్ వదలదు. ఉపరితలానికి దగ్గరగా ఒక్క లోపం ఉన్నా పగులు అక్కడే మొదలవుతుంది. పైగా ముద్రించిన ఉపరితలమే గరుకు. కడ్డీని లేత్ మీద నున్నగా తీసి పరీక్షకు పంపి ఉంటారు. మరి బ్రాకెట్‌నో? ఆ మాట మీ ఉత్తరంలో లేదు.

ఈ పొరపాటు నేనూ చేశాను. మూడు నెలలు పొడిని తిట్టుకుంటూ తిరిగాను. విరిగిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టాలన్న ఆలోచన చివరికి మా ప్రయోగశాలలో అందరికంటే చిన్నవాడికి వచ్చింది. పగులు ఒక వంపు కింది ముఖం మీద, గరుకు పొక్కు పక్కనే మొదలైంది. పొడి నిర్దోషి.

అందుకే ముందు విరిగిన ముఖం చూడండి. తర్వాత బ్రాకెట్‌లోని పలచని చోటు నుంచే నమూనా కోసి పరీక్షించండి. హిప్ ప్రక్రియ (వేడి చేసి, వాయు పీడనంతో అన్ని వైపుల నుంచీ నొక్కడం) గురించి కూడా ఆలోచిస్తూ ఉండవచ్చు. సుమారు 920 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 100 మెగాపాస్కల్ ఆర్గాన్ పీడనంలో రెండు గంటలు ఉంచితే లోపలి ఖాళీలు చాలావరకు మూసుకుపోతాయి. ఉపరితలం దాకా తెరుచుకున్నవి మాత్రం మూసుకోవు. వాయువు వాటిలోకీ దూరుతుంది కదా.

ప్రశ్న: మిగిలిన టైటానియం పొడిని జల్లించి మళ్లీ ఎన్నిసార్లు వాడవచ్చు?

జవాబు: ఎన్నిసార్లు అని లెక్కపెట్టకండి, ఆక్సిజన్ కొలవండి. జల్లెడ పెద్ద రేణువులను ఆపుతుంది కానీ ఆక్సిజన్‌ను ఆపలేదు. టైటానియం మిశ్రలోహపు రకాల్లో గ్రేడ్ 5 అనేదానిలో ఆక్సిజన్ పరిమితి 0.20 శాతం, గ్రేడ్ 23లో 0.13 శాతమే. ఆక్సిజన్ పెరిగితే లోహం బలం కాస్త పెరిగి, సాగే గుణం తగ్గుతుంది. కడ్డీ మునుపటికన్నా ఎక్కువ బరువు మోసిందని మీ వాళ్లు సంబరపడుతూ వస్తే, ఎంత సాగి తెగిందో అడగండి.