అన్నది తప్పా, అత్తది తప్పా?

రెండో ప్రపంచయుద్ధంలో తల్లిని పోగొట్టుకుని అత్త పంచన చేరిన సెయిటా, అతని చిట్టిచెల్లెలు సెత్సుకోల కథ ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’ అనే జపాన్ యానిమేషన్ సినిమా. అందులో ఆ చిన్నపిల్ల చావుకు అత్త కాఠిన్యం కారణమా, అన్న పంతం కారణమా, మీ పదేళ్ల పాపకు ఈ సినిమా చూపించవచ్చా అని అడిగారు.

మొదటి ప్రశ్నకు మా అమ్మే సరైన సాక్షి. పెద్ద ఉమ్మడి కుటుంబంలో ఏళ్ల తరబడి వడ్డించిన మనిషి. నేను ఈ సినిమా పెట్టినప్పుడు బొమ్మల సినిమాయే కదా అని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. జావ వడ్డించే సన్నివేశం రాగానే ఆమె చేయి ఆగిపోయింది. అత్త తనవాళ్లకు గరిటె అడుగుకంటా దించి మెతుకులు తీస్తుంది, ఈ పిల్లలిద్దరికీ పైపైన తేట పోస్తుంది. “ఆ గరిటె చూశావా?” అంది అమ్మ. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే అంటారు. ఇక్కడ మనవాళ్లు లేని పిల్లలు ముందు బంతిలోనే పస్తున్నారు. పైగా ఆ బియ్యం వాళ్ల చనిపోయిన తల్లి కిమోనోలు (జపాన్ సంప్రదాయ దుస్తులు) ఇచ్చి తెచ్చినవి.

అయితే సెయిటా చెల్లెల్ని తీసుకుని చెరువు పక్కన బాంబు షెల్టరుకు వెళ్లిపోయినప్పుడు అమ్మకు అతని మీదా కోపం వచ్చింది. “రెండు మాటలు పడితే ఏం పోయింది? చంటిపిల్ల కదా!” అంది. సినిమాలో ఒక రైతు కూడా దాదాపు ఇదే చెబుతాడు. 1945 నాటి జపాన్‌లో తిండి ముఖ్యంగా రేషన్ మీదే దొరికేది, అదీ ఇరుగుపొరుగు సంఘాల ద్వారా. ఆ లెక్క నుంచి బయటికి వస్తే తల్లి బ్యాంకులో దాచిన 7000 యెన్లున్నా అక్కరకు రావు. డాక్టరు మందు లేదు, పోషకాహారం పెట్టమంటాడు. ఎక్కడి నుంచి తెచ్చేదని సెయిటా అరుస్తాడు. అతనికి పద్నాలుగేళ్లు, నౌకాదళ అధికారి కొడుకు. తలవంచడం ఎవరూ నేర్పలేదు. నా మటుకు నేను అత్తను సగమైనా క్షమించగలను గానీ, అంత చిన్నవాడిని తప్పుపట్టలేను.

మూలకథ 1967లో అకియుకి నొసాకా రాశాడు. ఆయన చిట్టిచెల్లెలు నిజంగానే ఆకలితో పోయింది. ఆ పాపకు పెట్టాల్సిన తిండి తానే తిన్నానని, సెయిటా అంత ప్రేమగా తాను చూసుకోలేదని ఆయనే ఒప్పుకున్నాడు. కథలోని అన్న అంత మంచివాడు కావడానికి అదే కారణమనుకుంటాను. దర్శకుడు ఇసావో తకహాతా కూడా తొమ్మిదేళ్ల వయసులో ఒకాయామా మీద పడిన బాంబుల మధ్య పరుగెత్తినవాడే.

మీ పాపకు మాత్రం ఇప్పుడే వద్దు. కాలిపోయి కట్లలో ఉన్న తల్లి, గోళీలను చాక్లెట్లనుకుని చప్పరించే సెత్సుకో, మట్టితో చేసిన అన్నం ముద్దలు పదేళ్లకు తట్టుకోలేనంత బరువు. 1988లో జపాన్ థియేటర్లలో ‘మై నైబర్ టొటోరో’ను దీనితో జంటగా వేశారు. ఆ టొటోరో చూపించండి, హాయిగా నవ్వుకుంటుంది.