కేటీ టేలర్ పోటీలు, స్కోరు కార్డులు: మీ ప్రశ్నలకు జవాబులు

ఐర్లాండ్ బాక్సర్ కేటీ టేలర్ కెరీర్ గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: 25 గెలుపులు, ఒక్క ఓటమి అంటారు. కానీ అందులో నాకౌట్లు ఆరే. పాయింట్ల మీద గెలిచే మనిషిని అంత గొప్ప బాక్సర్ అని ఎందుకంటారు?

జవాబు: మహిళల ప్రొఫెషనల్ బాక్సింగ్‌కు నాకౌట్ల లెక్క సరైన కొలత కాదు. మగవాళ్ల టైటిల్ పోటీ 12 రౌండ్లు, రౌండుకు 3 నిమిషాలు, మొత్తం 36 నిమిషాలు. మహిళలకు సాధారణంగా 10 రౌండ్లు, రౌండుకు 2 నిమిషాలు, అంటే మొత్తం 20 నిమిషాలే. రౌండు సగం గడిచాక గట్టి దెబ్బ తగిలి ప్రత్యర్థి తూలిందనుకోండి. పని ముగించడానికి గట్టిగా నిమిషం కూడా ఉండదు. ఈలోగా ఆమె క్లించ్‌లోకి దూరి చేతులు పట్టేస్తే పది సెకన్లు పోతాయి. గంట మోగితే ఒక నిమిషం విశ్రాంతి. స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, మెడ మీద ఐస్ పెట్టి మళ్లీ పంపుతారు. చాలామంది ఆ నిమిషంలోనే తేరుకుంటారు.

రెండో కారణం ఆమె ఆడే పద్ధతి. నాలుగైదు పంచ్‌లు చకచకా వేసి పక్కకు తప్పుకోవడం టేలర్ బలం. బరువైన పంచ్ పడాలంటే పాదాలు నేలకు ఆనించి, నడుము పూర్తిగా తిప్పాలి. కదులుతూ కొట్టేవాళ్లు ఆ బరువులో కొంత వదులుకుని, బదులుగా దెబ్బ తినకుండా బయటపడతారు. ఇది తెలిసి చేసుకున్న బేరం.

ఎవరితో తలపడిందో కూడా చూడండి. 26 పోటీల్లో ఏడు ముగ్గురితోనే జరిగాయి: అమండా సెరానోతో మూడు, డెల్ఫిన్ పెర్సూన్‌తో రెండు, షాంటెల్ కామెరాన్‌తో రెండు. ముగ్గురూ ప్రపంచ చాంపియన్లే. సులువైన ప్రత్యర్థులను ఏరుకుని అంకెలు పెంచుకున్న రికార్డు కాదిది.

ప్రశ్న: ఆమె మొదలుపెట్టినప్పుడు ఐర్లాండ్‌లో ఆడపిల్లలకు పోటీలే లేవంటారు. నిజమేనా?

జవాబు: నిజమే. విక్లో కౌంటీలోని బ్రే పట్టణం ఆమెది. 1986 జులై 2న పుట్టింది. తండ్రి పీట్ టేలరే కోచ్. చిన్నప్పుడు జుట్టు హెడ్‌గార్డ్ కిందికి దోపి, జాబితాలో ‘కె. టేలర్’ అని రాయించుకుని అబ్బాయిలతో ఆడేది. ఐర్లాండ్‌లో అధికారిక అనుమతితో మహిళల పోటీ మొదటిసారి జరిగింది 2001 అక్టోబర్ 31న, డబ్లిన్‌లోని నేషనల్ స్టేడియంలో. ఆ పోటీలో ఆడి గెలిచినప్పుడు ఆమెకు 15 ఏళ్లు.

తర్వాత 2006 నుంచి 2014 దాకా ప్రపంచ అమెచ్యూర్ చాంపియన్‌షిప్‌లో వరసగా ఐదు స్వర్ణాలు. 2012లో లండన్‌లో ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్ తొలిసారి ప్రవేశపెట్టినప్పుడు 60 కిలోల విభాగంలో స్వర్ణం. అయితే పతకాల కన్నా ముందు చెప్పుకోవాల్సింది వేరే ఉంది. ఆడేందుకు పోటీయే లేని చోట ఒక పిల్ల ఏళ్ల తరబడి సాధన మానలేదు. ఐర్లాండ్‌లో ఈ రోజు గ్లౌజులు తొడిగే అమ్మాయిలకు ఆ దారి వేసి ఉంది.

ప్రశ్న: ఒలింపిక్ విజేత ప్రొఫెషనల్‌గా మారితే ఏమేం మార్చుకోవాలి? 30 ఏళ్ల వయసులో మారడం ఆలస్యం కాదా?

జవాబు: ఆలస్యమే. 2016 రియోలో క్వార్టర్ ఫైనల్లో ఫిన్లాండ్‌కు చెందిన మీరా పోట్కొనెన్ చేతిలో ఓడాకే ఆమె ప్రొఫెషనల్‌గా మారింది. ప్రమోటర్ ఎడ్డీ హెర్న్, మేనేజర్ బ్రయన్ పీటర్స్, ట్రైనర్ అమెరికాలోని కనెక్టికట్‌కు చెందిన రాస్ ఎనమైట్. తొలి పోటీ 2016 నవంబర్ 26న, లండన్‌లోని వెంబ్లీ అరీనాలో. మూడో రౌండులోనే గెలిచింది. ఏడాది తిరగకుండానే, 2017 అక్టోబర్ 28న కార్డిఫ్‌లో ప్రపంచ బాక్సింగ్ సంఘం (డబ్ల్యూబీఏ) లైట్‌వెయిట్ టైటిల్ అందుకుంది. వయసు దృష్టిలో పెట్టుకుని వేసిన వేగమైన ప్రణాళిక అది.

ఇక మార్పుల సంగతి. హెడ్‌గార్డ్ పోతుంది. 10 ఔన్సుల గ్లౌజుల బదులు 8 ఔన్సులవి వస్తాయి. అంటే పిడికిలి చుట్టూ మెత్త తగ్గి దెబ్బ సూటిగా దిగుతుంది. అమెచ్యూర్ టోర్నీలో కొద్ది రోజుల్లో నాలుగైదుగురితో ఆడాలి కాబట్టి బరువును అన్ని రోజులూ అదుపులో ఉంచుకోవాలి. ప్రొఫెషనల్‌లో ప్రత్యర్థి ఒక్కరే. ఆమె కోసమే వారాల తరబడి క్యాంప్ నడుస్తుంది, బరువు ముందు రోజు చూస్తారు. బరువు విషయంలో టేలర్‌కు మేలే జరిగింది. 60 కిలోల నుంచి 135 పౌండ్ల లైట్‌వెయిట్‌కు, అంటే సుమారు 61.2 కిలోలకు వచ్చింది. ఒళ్లు కొత్తగా మలచుకోవాల్సిన పని పడలేదు.

అసలు చిక్కు అలవాట్లతో. లండన్ ఒలింపిక్స్‌లో తగిలిన పంచ్‌లను జడ్జీలు బటన్ నొక్కి లెక్కపెట్టేవారు. ఫైనల్లో రష్యాకు చెందిన సోఫియా ఒచిగవాపై 10–8 అంటే పంచ్‌ల లెక్కే. శుభ్రంగా ఒకటి తగిలించి, తిన్నగా వెనక్కి వచ్చేస్తే అక్కడ పాయింటు ఖాయం. ప్రొఫెషనల్‌లో అలా తిన్నగా వెనక్కి వస్తే ప్రత్యర్థి వెంటబడి మూడు పంచ్‌లు వేస్తుంది. 2019 జూన్ 1న న్యూయార్క్‌లో పెర్సూన్ చేసింది అదే. పది రౌండ్లూ ఆగకుండా మీద పడింది. టేలర్ ఇద్దరు జడ్జీల ఓటుతో గట్టెక్కింది, మూడో కార్డు సమానం. ఆ రోజు పెర్సూన్ గెలిచిందన్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మాట కొట్టిపారేయలేం. 2020 ఆగస్టులో మళ్లీ తలపడినప్పుడు టేలర్ వెనక్కి తిన్నగా కాకుండా పక్కలకు అడుగు వేసింది. ముగ్గురు జడ్జీలూ ఆమెకే ఇచ్చారు.

ప్రశ్న: నాలుగు బెల్టులు ఎలా వచ్చాయి?

జవాబు: లైట్‌వెయిట్‌లో 2017లో డబ్ల్యూబీఏ, 2018 ఏప్రిల్‌లో బ్రూక్లిన్‌లో ఐబీఎఫ్, 2019 మార్చిలో ఫిలడెల్ఫియాలో డబ్ల్యూబీఓ, పైన చెప్పిన పెర్సూన్ పోటీలో డబ్ల్యూబీసీ. నాలుగు సంస్థల బెల్టులూ ఒకరి దగ్గరే ఉంటే తిరుగులేని చాంపియన్ అంటారు. తర్వాత 140 పౌండ్ల విభాగంలోనూ ఆ స్థాయికి చేరింది.

ప్రశ్న: స్కోరు కార్డు చదవడం నేర్పండి. 2024లో సెరానోపై 95–94 అన్నారు. పది రౌండ్లకు ఈ అంకెలు ఎలా వచ్చాయో అర్థం కాలేదు.

జవాబు: రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి 9. కింద పడితే, లేదా పడకపోయినా చిత్తుగా దెబ్బ తింటే 8. తప్పుగా ఆడినందుకు రెఫరీ కోత వేస్తే ఆ పాయింటు విడిగా తీసేస్తారు. పది రౌండ్లూ 10–9గానే పోతే ఇద్దరి మొత్తం కలిపి 190 రావాలి. కార్డు చేతికి రాగానే ముందు ఈ కూడిక చేయండి. 190 కన్నా తక్కువ వస్తే ఎక్కడో 10–8 రౌండో కోతో ఉంది. 191 వస్తే ఒక రౌండు 10–10గా రాశారని ఊహించవచ్చు.

2024 నవంబర్ 15న టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో 95, 94 కలిపితే 189. ఎనిమిదో రౌండులో తలతో కొట్టినందుకు రెఫరీ టేలర్‌కు ఒక పాయింటు కోసేశాడు, తగ్గిన ఒకటి అదే. ఆరు రౌండ్లు గెలిస్తే 60, ఓడిన నాలుగుకు 36, మొత్తం 96. కోత పోగా 95. సెరానోకు 40, 54 కలిపి 94. ముగ్గురు జడ్జీలూ ఇదే రాశారు. ఇంకొక్క రౌండు సెరానో వైపు మళ్లి ఉంటే టేలర్‌కు 94, సెరానోకు 95. ఆ కోత విలువ అంత.

2022 ఏప్రిల్ 30న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన మొదటి పోటీ కార్డులు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. ఒకరు 97–93, ఒకరు 96–93 టేలర్‌కు ఇచ్చారు. మూడోవారు 96–94 సెరానోకు ఇచ్చారు. మధ్య కార్డు కూడండి: 189. కోత లేదు, ఎవరూ కింద పడలేదు. అంటే ఆ జడ్జి ఒక రౌండును 10–8గా రాశారు. పోటీ చూసినవారికి అది ఏ రౌండో వేరే చెప్పక్కర్లేదు. ఐదో రౌండులో సెరానో ఎడమచేతి పంచ్‌లకు టేలర్ ముక్కు నుంచి రక్తం కారింది, కాళ్లు తడబడ్డాయి, తాళ్ల దగ్గర గంట మోగేదాకా నిలబడటమే గొప్పయింది. ఆ రౌండుకు 8 ఇచ్చిన జడ్జి కూడా మిగతా వాటిలో ఏడు టేలర్‌వేనని రాశారు. కార్డులు చదవడం వస్తే ఎవరు గెలిచారనేదే కాక ఎలా గెలిచారనేదీ తెలుస్తుంది.

ప్రశ్న: సెరానో పోటీల్లో తలలు అన్నిసార్లు ఎందుకు ఢీకొన్నాయి? టేలర్ కావాలనే చేసిందా?

జవాబు: టేలర్ ఎడమ కాలు ముందుపెట్టి నిలబడుతుంది. సెరానో సౌత్‌పా, ఆమెకు కుడి కాలు ముందుంటుంది. ఎదురెదురుగా నిలబడితే ముందు పాదాలు రెండూ ఒకే వరసలోకి వస్తాయి. టేలర్ కుడిచెయ్యి విసిరితే ఆమె తల తన ఎడమవైపుకు, ముందుకు వంగుతుంది. సెరానో ఎడమచెయ్యి విసిరితే ఆమె తల తన కుడివైపుకు వంగుతుంది. ఎదురుగా ఉన్నవాళ్లకు ఆ రెండూ ఒకే దిక్కు. ఇద్దరూ ఒకేసారి విసిరితే తలలు తగలక తప్పదు. ఆర్లింగ్టన్‌లో సెరానో కుడి కంటి పైన చీలిన గాయం ఆ చోటుకు సరిగ్గా సరిపోతుంది.

కావాలని చేసిందా అనేది బయటి నుంచి తేల్చలేం. కానీ పంచ్ వేశాక తల కిందికి దించి లోపలికి దూసుకెళ్లడం టేలర్‌కున్న అలవాటు. దాన్ని అదుపు చేసుకునే బాధ్యత ఆమెదే, కోత న్యాయమే. సౌత్‌పాతో ఆడేటప్పుడు ఎడమ పాదాన్ని ప్రత్యర్థి కుడి పాదానికి బయటివైపు వేసి, కుడిచెయ్యి విసిరాక తల ముందుకు కాకుండా పక్కకు తీయాలి. 2025 జులై 11న జరిగిన మూడో పోటీలో ఆమె దూరం నుంచే ఆడింది. పంచ్‌లు తగ్గాయి, చూసేవారికి హోరు తగ్గింది. ఫలితం మాత్రం 97–93, 97–93, 95–95.

ప్రశ్న: సొంత దేశంలో ఆమె మొదటి ప్రొఫెషనల్ పోటీ 2023 దాకా ఎందుకు జరగలేదు?

జవాబు: 2016 ఫిబ్రవరి 5న డబ్లిన్‌లోని రీజెన్సీ హోటల్‌లో ఒక పోటీకి బరువు చూస్తుండగా కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు. ఆ తర్వాత ఏళ్ల పాటు డబ్లిన్‌లో పెద్ద ప్రొఫెషనల్ పోటీలు నిలిచిపోయాయి. టేలర్ ప్రొఫెషనల్ అయింది సరిగ్గా ఆ ఏడాదే. 2023 దాకా ఆమె గొప్ప విజయాలన్నీ బ్రిటన్‌లోనో అమెరికాలోనో జరిగాయి, ఐర్లాండ్ అభిమానులు విమానాలెక్కి వెళ్లారు.

ప్రశ్న: తీరా సొంతగడ్డ మీద కామెరాన్ చేతిలో ఓడింది. ఆరు నెలల్లో అదే మనిషిని ఎలా ఓడించింది?

జవాబు: 2023 మే 20న డబ్లిన్‌లోని 3అరీనాలో టేలర్ తన 135 పౌండ్లు వదిలి 140కి వెళ్లింది. కామెరాన్‌కు అది సొంత బరువు, అక్కడ ఆమె తిరుగులేని చాంపియన్. మొదటి రౌండ్లలోనే కామెరాన్ జాబ్‌తో, అంటే ముందు చేత్తో సూటిగా వేసే పంచ్‌తో తోసుకొచ్చి, దగ్గరికి రాగానే పొట్ట మీద కొట్టింది. టేలర్ ఎదురు నిలిచి కొట్టుకునే తప్పు చేసింది. జనం కేకలకు అలా నిలబడిపోవడం సహజమే కానీ, బరువైన మనిషితో ఆ ఆట నష్టమే. చివరి రౌండ్లలో పుంజుకున్నా 96–94, 96–94, 95–95తో కామెరాన్ గెలిచింది.

నవంబర్ 25న అదే రింగులో మళ్లీ తలపడ్డారు. ఈసారి మూడు పనులు మారాయి. ముందు పంచ్ టేలర్‌ది. రెండు మూడు వేయగానే కామెరాన్ చేతులు పట్టి క్లించ్, రెఫరీ విడదీసేదాకా అలాగే. విడదీశాక నడిమధ్యకు కాక పక్కకు. కామెరాన్ బలం ఆగకుండా కొట్టడంలో ఉంది కాబట్టి, ప్రతి దాడినీ నాలుగు సెకన్లకే తెంచేయడమే మందు. రెండు నిమిషాల రౌండులో అలా ఐదారుసార్లు తెంచితే కామెరాన్‌కు ఊపు అందుకునే వీలే ఉండదు. పట్టుకోవడం ఎక్కువైందని విమర్శలొచ్చాయి, రెఫరీ ఇంకా గట్టిగా హెచ్చరించాల్సిందనే మేమూ అంటాం. ప్రణాళికగా మాత్రం దానికి వంక పెట్టలేం. 98–92, 96–94, 95–95.

మొదటి రౌండులో టేలర్ కింద పడితే రెఫరీ జారిపడిందన్నాడు. నాక్‌డౌన్, అంటే దెబ్బకు పడటం అని ఉండాల్సిందని చాలామంది వాదన. ఆ రౌండును ముగ్గురూ కామెరాన్‌కే రాశారనుకుంటే, 10–8 అయినప్పుడు టేలర్‌కు ప్రతి కార్డులో ఒక పాయింటు తగ్గేది: 97–92, 95–94, 94–95. అప్పుడూ టేలరే గెలిచేది, ఒక జడ్జి వ్యతిరేకంగా.

ప్రశ్న: ఆమె పోటీలు కొత్తగా చూడాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: 2022 సెరానో పోటీతో. ఐదో రౌండు ఒకసారి చూశాక వెనక్కి తిప్పి, ఈసారి సెరానోను వదిలేసి టేలర్ పాదాలనే చూడండి. కాళ్లు తడబడినా చేతులు సెరానో భుజాల మీదికి ఎలా వెళ్తున్నాయో కనిపిస్తుంది. తర్వాత పదో రౌండు. ఆ తర్వాత కామెరాన్‌తో రెండు పోటీలూ ఒకదాని వెంట ఒకటి, శబ్దం తీసేసి, కాగితం మీద రౌండుకో 10–9 రాసుకుంటూ చూడండి. మీ మొత్తం జడ్జీల మొత్తంతో కలవకపోతే ఏ రౌండ్ల దగ్గర తేడా వచ్చిందో రాసి పంపండి, వచ్చే సంచికల్లో ఆ రౌండ్లనే తీసుకుందాం.