భర్త సంతకం పెట్టనంటే ఖులా ఆగదు

భర్త సంతకం పెట్టనంటున్నారని మీ ఖులా (ముస్లిం భార్య తానుగా కోరే విడాకులు) ఆగిపోయిందన్నారు. మూడు నెలలుగా అది ఆగింది భర్త సంతకం వల్ల కాదు, ఖాజీ కాగితం కోసం తిరగడం వల్ల. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తేల్చింది: ఖులాకు భర్త ఒప్పుకోలు అక్కర్లేదు, ముఫ్తీ (ఇస్లామిక్ ధర్మశాస్త్ర పండితుడు) ఇచ్చే ఖులానామా, అంటే ఖులా పత్రం, తప్పనిసరి కాదు.

1. ఖులా కోరుతున్నట్టు ఆయనకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రసీదు దాచుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: రాజీ ప్రయత్నానికి ఆధారం. "పెద్దమనుషులు కూర్చున్నారు" అంటే చాలదు. హనుమకొండలో మీ మామయ్య ఇంట్లో రెండుసార్లు మాట్లాడారన్నారు కదా, ఆ తేదీలు, ఎవరెవరు కూర్చున్నారు, ఆయన వచ్చారా లేదా అన్నది ఒక కాగితం మీద రాయించి సంతకాలు తీసుకోండి. పెద్దలు సంతకానికి జంకుతారు, అయినా వదలకండి.

3. నికానామా (పెళ్లి పత్రం)లో మెహర్, అంటే పెళ్లప్పుడు భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము, ఎంతో చూడండి. ముట్టిందా, తిరిగి ఎంత ఇస్తారు, నోటీసులోనే రాయండి. ముట్టని మెహర్‌ను తిరిగి ఇమ్మనేవాళ్లూ ఉంటారు!

4. వీటితో ఫ్యామిలీ కోర్టులో వివాహం రద్దయినట్టు ప్రకటన కోరండి. కోర్టు చూసేది ఈ మూడే, సుదీర్ఘ విచారణ ఉండకూడదు.

ఆయన రెండేళ్లుగా ఖర్చులకు ఇవ్వకపోతే మాత్రం 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద వెళ్లండి. అలా వెళ్తే మెహర్ హక్కు పోదు.