సమాధానం: ఎం36 గ్రాఫ్ పైన వంగడం, కింద చెదరడం

అమలాపురం డాబా మీద నుంచి 8 అంగుళాల టెలిస్కోపుతో ఎం36 తారల గుంపుని బి (నీలి), వి (ఆకుపచ్చ-పసుపు) ఫిల్టర్లలో తీసి, అడ్డంగా రంగు (బి−వి, ఎడమకి నీలం), నిలువుగా ప్రకాశం (వి మాగ్నిట్యూడ్, అంకె పెరిగేకొద్దీ మసక) పెట్టి గీసిన గ్రాఫ్‌లో ప్రకాశవంతమైన తారలు ఎడమకు వంగాయి, 13వ మాగ్నిట్యూడ్ కింద చుక్కలు చెల్లాచెదురయ్యాయి అన్నారు కదండీ. రెండూ వేర్వేరు జబ్బులు.

పైన వంపు సాచురేషనే, అంటే పిక్సెళ్లు కాంతితో నిండిపోవడం. 9వ మాగ్నిట్యూడ్ తారకి 60 సెకన్లు ఇస్తే వి ఫ్రేములో నడిమి పిక్సెళ్లు 65,535 దగ్గర (16 బిట్ కెమెరా చూపగల గరిష్ఠ అంకె) ఆగిపోతాయి. వి కాంతి తక్కువ లెక్కకొచ్చి తార ఉన్నదానికంటే నీలంగా తేలుతుంది. 5 సెకన్ల సెట్ విడిగా తీసి, పీక్ (నడిమి పిక్సెల్ విలువ) 40,000 దాటిన తారలకి అందులోని విలువే వాడండి.

కింద చెదురుకి ఒక కారణం గుంపుకి చెందని తారలు. గయా ఉపగ్రహం తారల పట్టిక డీఆర్3లో పారలాక్స్ (దూరాన్ని చెప్పే కోణం) 0.86 మిల్లీ ఆర్క్‌సెకన్ల చుట్టూ ఉండి, ఆకాశంలో సొంత కదలిక కూడా గుంపుతో కలిసినవే ఉంచండి. అయినా మెయిన్ సీక్వెన్స్ (గ్రాఫ్‌లో మామూలు తారలు వరసగా పడే పట్టీ) పైన 0.75 మాగ్నిట్యూడ్ లోపు మిగిలేవాటిని చెరపకండి, చాలావరకు జంట తారలవి.

ఇంకో కారణం మంచు. డిసెంబరులో కాలవ గట్ల పక్కన అర్ధరాత్రికే కరెక్టర్ ప్లేటు (టెలిస్కోపు ముందు గాజు) చెమర్చి కాంతి తగ్గుతుంది. బి అంతా ముందు, వి అంతా తర్వాత తీస్తే రంగు మొత్తం జరుగుతుంది. డ్యూ హీటరు (గాజుని వెచ్చగా ఉంచే పట్టీ) కట్టి బి, వి, వి, బి వరసలో తీయండి, జీరో పాయింట్ (కెమెరా లెక్కని మాగ్నిట్యూడ్‌గా మార్చే అంకె) ఒక్కో ఫ్రేముకి విడిగా లెక్కకట్టండి. అపెర్చర్ (తార కాంతిని కొలిచే వలయం) వ్యాసార్థం ఎఫ్‌డబ్ల్యూహెచ్ఎంకి (సగం ప్రకాశం దగ్గర తార బొమ్మ వెడల్పు) ఒకటిన్నర రెట్లు చాలు, గుంపు మధ్యలో పెద్దది పెడితే పక్క తార కూడా దూరుతుంది.

ఐసోక్రోను (ఒకే వయసు తారల సిద్ధాంత గీత) పెట్టేముందు ఇ(బి−వి), అంటే దారిలో ధూళి వల్ల వచ్చే ఎరుపు, 0.22గా తీసుకుని బి−వి నుంచి 0.22, వి నుంచి 0.68 తీసేయడం మరవకండి.