గుర్రం తోకలా వేలాడే ఈ పూలచెట్టు ఏంటి?

ప్రశ్న: మారేడుమిల్లి వెళ్లినప్పుడు రోడ్డు పక్కన తాటిచెట్టులా నిటారుగా ఉన్న చెట్టు చూశామండీ, ఆకులేమో చేప తోకల్లా ఉన్నాయి, పైనుంచి పెద్ద పెద్ద జడల్లా పూలు వేలాడుతున్నాయి. ఏం చెట్టు అది?

జవాబు: ఆకు చేప తోకలా ఉందన్నారు కదా, ఇంక డౌట్ లేదు, అది జీలుగు చెట్టే. ఏజెన్సీలో జీలుగు కల్లు అంటారే, అది దీన్నుంచే తీస్తారు (పొలంలో పచ్చిరొట్టకి చల్లే జీలుగ వేరు, పేరు ఒకటే అని చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు).

దీని తమాషా ఏంటంటే మొదటి గెల చిటారున వస్తుంది, తర్వాతది దాని కింద, ఇలా పైనుంచి కిందకి దిగుతూ కొన్నేళ్లపాటు పూస్తుంది, ఆఖరి గెల కాయలు పండాక చెట్టు చచ్చిపోతుంది, అంటే మీరు చూసిన పూత దాని జీవితంలో చివరి దశ అన్నమాట. దగ్గరగా చూస్తే ప్రతి ఆడ మొగ్గకి చెరోపక్క ఒక మగ మొగ్గ ఉంటుంది, పూత టైంలో తేనెటీగలు తెగ మూగుతాయి. ఎర్రటి పండ్లని మానుపిల్లులు, పక్షులు తిని గింజల్ని అడవంతా చల్లుతాయి. మీరు మాత్రం పండు చిదమకండి, అందులో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, చేతులు ఒకటే దురద!