వీపున వజ్రాల గుర్తులున్న ఆ చిన్న పురుగు

క్యాబేజీ ఆకు మీద వాలిన, వీపున వజ్రాల్లాంటి గుర్తులున్న చిన్న పురుగు ఏదని, ఏ వర్గానిదని అడిగారు. అది డైమండ్ రెక్కల పురుగు. శాస్త్రీయ నామం ప్లుటెల్లా జైలోస్టెల్లా.

నిజానికి ఏ ఒక్క రెక్క మీదా పూర్తి వజ్రం ఉండదు. బూడిద, గోధుమ రంగులు కలిసిన సన్నటి ముందు రెక్క అంచున మీగడ రంగు పట్టీ అలలుగా సాగుతుంది. పురుగు వాలి రెక్కలు ముడిచినప్పుడు రెండు పట్టీలూ వీపు నడుమ కలుస్తాయి, వజ్రాలు వరుసగా తేలుతాయి. భూతద్దంతో ఒక్కసారి చూడండి, ఎంత పొందికగా అతుకుతాయో! కొన్నింటిలో ఈ పట్టీ మసకగా ఉంటుంది కాబట్టి ముందుకు చాచిన మీసాలను, కాస్త పైకి లేచిన రెక్కల కొసలను కూడా గమనించాలి. రెక్కలు విప్పితే వెడల్పు సుమారు 15 మిల్లీమీటర్లు.

సీతాకోకచిలుకలుండే లెపిడాప్టెరా క్రమంలోనే ఇదీ ఉంది, కుటుంబం మాత్రం ప్లుటెల్లిడే. 1758లో దీన్ని వర్ణించిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఫలీనా ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) చేర్చాడు. ఈ క్రమానికి అప్పట్లో ఆయన పెట్టిన ప్రజాతులు మూడే.

ఇంకా సందేహముంటే ఆకు అడుగున చూడండి. దీని ఆకుపచ్చ గొంగళిపురుగును తాకగానే గిజగిజలాడుతూ వెనక్కి జరిగి, సన్నటి పట్టుదారంతో కిందికి వేలాడుతుంది.