మీరడిగారు, మేం చెప్తున్నాం: హెల్త్ అండ్ సోషల్ కేర్ అంత చులకనా?

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి స్కూల్లో వొకేషనల్ సబ్జెక్టుగా హెల్త్ అండ్ సోషల్ కేర్ తీసుకుంటానని పట్టుబట్టింది. మా ఆడపడుచేమో "అది మార్కులు రానివాళ్లు తీసుకునేది, రేపు ముసలాళ్లకి బెడ్‌పాన్లు పెడుతూ బతుకుతుందా" అని అందరి ముందూ అనేసింది. అసలు అందులో ఏం నేర్పిస్తారు? రేపు డాక్టర్ అవుతానంటే దారి మూసుకుపోతుందా? – ఓ తల్లి

జవాబు: అమ్మా, ఆవిడ ఎప్పుడైనా మంచాన పడితే (పడకూడదనే కోరుకుందాం) బెడ్‌పాన్ పెట్టేవాళ్లకి పని వచ్చో రాదో ముందు ఆవిడ నడుముకే తెలుస్తుంది.

నేను ఏళ్ల తరబడి వార్డుల్లో చేసి తర్వాత ఇదే సబ్జెక్టు పిల్లలకి చెప్పాను. పైకి ఈజీగానే ఉంటుంది. నాడి చూడటమే తీసుకోండి, మణికట్టు దగ్గర రెండు మూడు వేళ్లు పెట్టాలి గానీ మన బొటనవేలు పెట్టకూడదు, దానికీ నాడి కొట్టుకుంటుంది కాబట్టి మనది లెక్కపెట్టుకుని పేషెంట్‌దని రాసేసే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లకి నిమిషానికి 60 నుంచి 100 అని ఎవరైనా బట్టీ కొట్టేస్తారు. అసలు తమాషా ఊపిరి దగ్గర. "మీ ఊపిరి లెక్కపెడతానండీ" అన్నామా, అవతలి మనిషి ఊపిరి తీసే తీరే మారిపోతుంది, అందుకని నాడి లెక్క అయిపోయినా చెయ్యి వదలకుండా అలాగే పట్టుకుని ఛాతీ వైపు చూస్తూ ఇంకో నిమిషం లెక్కపెట్టాలి. ఇది చెప్పగానే ఒకబ్బాయి లేచి "చెప్పకుండా చేస్తే మోసం కదా మేడమ్, ఏం చేసినా అడిగి చెయ్యాలని మీరేగా అన్నారు" అన్నాడు. ఆ పీరియడ్ మొత్తం దానికే పోయింది. చివరికి "నాడి, ఊపిరి అన్నీ ఓసారి చూస్తానండీ" అని మొదట్లోనే అడిగేసి, లెక్కపెట్టేది ఎప్పుడో మాత్రం చెప్పకూడదని పిల్లలే తేల్చారు. మార్కులు రానివాళ్ల సబ్జెక్టట ఇది!

చేతులు కడుక్కోవడం కూడా పాఠమేనా అని నవ్వుతారు కొందరు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాల్ని కోసి నేరుగా కాన్పుల వార్డుకి వచ్చేవాళ్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించేసరికి బాలింతల చావులు బాగా తగ్గాయి, అయినా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. సబ్బుతో కడిగితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. మా క్లాసులో మొదటి రోజు 10 దాటినవాళ్లు లేరు.

ఇక సోషల్ అనే ముక్క. ఆయాసంతో వచ్చిన పిల్లాడికి ఇన్‌హేలర్ ఇచ్చి పంపిస్తాం, వాడు వెళ్లి మళ్లీ అదే చెమ్మ గోడల, బూజు పట్టిన గదిలో పడుకుంటాడు, నాలుగు రోజులకి మళ్లీ ఆయాసం. అక్కడ మందొక్కటే చాలదు కదా, ఇంట్లో పరిస్థితేంటని అడగడం తెలిసిన మనిషి కావాలి.

డాక్టర్ సంగతి మాత్రం మొహమాటం లేకుండా చెప్తా. దానికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కావాలి, ఈ సబ్జెక్టు వాటి బదులు పనికిరాదు. వాటితో పాటు తీసుకునే వీలుంటే తీసుకోనివ్వండి, వాటిని వదిలేసి తీసుకోవాలంటే ముందు పై కోర్సుల అడ్మిషన్ రూల్స్ చదవండి. నర్సింగ్, సోషల్ వర్క్ వైపు మనసుంటే చాలా పనికొస్తుంది, కాకపోతే వాటికీ సైన్స్ అడిగే చోట్లు ఉన్నాయి. ఇంకోటి, రాత పని విపరీతం, అసైన్‌మెంట్లకి అమ్మాయి చెయ్యి నొప్పెడుతుంది.

ప్రశ్న: మేడమ్, ప్రాక్టికల్స్‌కి వృద్ధాశ్రమానికి వెళ్తున్నా. ఒక పెద్దావిడ నేను తినిపిస్తే అస్సలు నోరు తెరవరు, ఇన్‌చార్జ్ నన్నే తిడుతున్నారు. – ఓ స్టూడెంట్

జవాబు: నువ్వు నిలబడి తినిపిస్తున్నావా బాబూ? కుర్చీ లాక్కుని ఆవిడ కళ్లకి ఎదురుగా కూర్చో. ఆవిడ నిటారుగా కూర్చున్నారో లేదో, కట్టుడు పళ్లుంటే పెట్టుకున్నారో లేదో చూడు (నేనైతే ఇది మర్చిపోయి తిట్లు తిన్నా). ముందు ఏది తింటారో అడుగు, మింగేదాకా రెండో స్పూన్ ఎత్తకు. అప్పటికీ వద్దంటే బలవంతం చెయ్యకు, వెళ్లి స్టాఫ్‌కి చెప్పు. రికార్డులో కూడా "మొండికేశారు" అని రాయకు, "రెండు స్పూన్లు తిని చాలన్నారు" అని రాయి.